చల్దుల విందు

బాలుర కొరకు వ్రాయబడిన కథాగ్రంథములను నాలుగింటిని తీసి చూడుడు. వానిలో మూడింటనైనను ఒక విందు కనబడక మానదు. పెద్దలు చదువుకొను నవలలలో నాయికానాయకులు నూరు పుటలు సంభాషింతురే కాని వారు ఏమి తినిరో, అసలు తినిరో లేదో మనకు తెలియదు. బాలుర కథలలో అట్లు సాగదు. ఎవరెక్కడ కూర్చుండిరి, బుట్టలో ఏమేమి ఉన్నవి, ఎవరికెన్ని వచ్చినవి, కడపటి ముక్కను ఎవరెత్తుకొనిరి, ఇదియంతయు లెక్క తప్పక చెప్పవలసినదే. చెప్పకున్నయెడల వినువారు కథను ముందునకు కదలనీయరు. రాత్రిపూట పిల్లలను ప్రక్కలో వేసికొని కథ చెప్పిన ప్రతి తల్లికిని ఈ సంగతి అనుభవమే.

ఆంగ్లేయుల బాలసాహిత్యమున ఈ ముచ్చట మిక్కుటము. కెనెత్ గ్రాహం 1908వ సంవత్సరమున ప్రకటించిన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ అను కథలో ఒక నీటియెలుక తన క్రొత్త మిత్రుని పడవలో విహారమునకు కొనిపోవుచు, బుట్టలో ఏమున్నదని అతడు అడిగినంతనే పదార్థముల పేర్లన్నిటిని ఊపిరి విడువక ఒక్క దీర్ఘసమాసముగ చదివివేయును. మన దండకములు చదువుకొన్నవారికి ఆ పుట చూడగనే నవ్వు వచ్చును. వినుచున్న మిత్రుడు ఆ సంతోషము నోర్వజాలక ఇక చాలింపుమని మొరపెట్టుకొనును. ఎనిడ్ బ్లైటన్ అను రచయిత్రి 1942లో మొదలిడిన సాహసబాలుర కథలలో నలుగురు పిల్లలును వారి కుక్కయు దొంగల గుట్టు బయలుపరచుటకంటె గడ్డిమీద కూర్చుండి తినుటయందే ఎక్కువ ఉత్సాహము చూపుచున్నట్లు నాకు తోచును.

ఇందులో ఒక మర్మము కలదు. ఆ కథలు వెలువడనారంభించిన నాడు ఇంగ్లండు యుద్ధములో నున్నది. ఆ దేశమున 1940 జనవరిలో మొదలైన ఆహారపు రేషను ఏదో యొక రూపమున 1954 జూలై వరకు సాగినది. పిల్లల మిఠాయిలకు సైతము 1942 జూలై నుండి 1953 ఫిబ్రవరి వరకు చీటీలే గతి. అనగా ఆ పుస్తకమును చేతబట్టిన బాలిక, తన ఇంటి బల్లమీద లేనిదానిని పుటలమీద తినుచున్నదన్నమాట. రోఆల్డ్ డాల్ 1964లో వ్రాసిన చాక్లెట్టు కర్మాగారపు కథలోని చార్లీ అను బాలునికి ఏడాదికి ఒక్కమారు, పుట్టినదినమునాడు మాత్రమే చాక్లెట్టు లభించును. తక్కిన దినములలో క్యాబేజీ చారు. విందును గూర్చి రుచిగ వ్రాయుటకు ఆకలి తెలిసియుండవలెను. రుచిగ చదువుటకును అంతియే.

మా అమ్మాయికి పదియవ యేడు. ఈ పుస్తకములన్నియు ఆమె చదివినది. ఆమె వెనుక నేను చదివితిని. క్రిందటి యేడు నేను బడికి పంపిన పెరుగన్నపు డబ్బా మూతయైన తీయకుండగనే ఇంటికి తిరిగి రాసాగెను. మొదటి దినము ఆకలి లేదేమో యనుకొంటిని. మూడవ దినము అడిగితిని. ఆవకాయ వాసన వచ్చుచున్నదని ప్రక్కపిల్లలు ముక్కులు మూసికొనిరట. అది అంత పెద్ద విషయము కాదు; పిల్లలు దేనికైనను ముక్కు మూసికొందురు. కాని ఆ బడిలోని ఉపాధ్యాయురాలొకామె కూడ, వాసన రాని పొడి వస్తువేదైన పంపవలసినదని మీ అమ్మతో చెప్పుమని యనినదట. ఇదియు సహింపవచ్చును. నా మనస్సునకు తగిలినది అటుపిమ్మట మా అమ్మాయి అన్న మాట.

“అమ్మా, పుస్తకాలలో పిల్లలెవ్వరూ పెరుగన్నం తినరు.”

ఆ మాట ఆమె ఏడ్చుచు అనలేదు, అలిగి యనలేదు. లెక్కల పుస్తకములో చివరనున్న జవాబు చూచి చెప్పినట్లు చెప్పినది. పెరుగన్నము తినువారు కథలలో ఉండదగినవారు కారని ఆ పసిది తనంతట తాను నిర్ణయించుకొన్నది. తన ఇల్లు కథకు పనికిరానిదని పదేండ్ల పిల్ల అనుకొనుచుండగా తల్లి వంటయింటిలో ఊరకుండుట ఎట్లు?

సోదరీమణులారా, అంతకంటె పెద్ద విందు, అదియును బాలుర విందు, పెరుగన్నమును ఊరగాయయు తప్ప మరియొకటి లేని విందు మన పుస్తకములలో ఉన్నది. అది భాగవతమున దశమస్కంధములో ఉన్నది. నేటి జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందినవాడని చెప్పబడు పోతనామాత్యుడు పదునైదవ శతాబ్దమున దానిని తెలుగు చేసెను. మా నాయనగారు నాకు బడిచదువుతోపాటు ఇంటిలో పద్యములు చెప్పిన దినములలో మొట్టమొదట కంఠస్థము చేయించినవి ఆ ఘట్టములోనివే. ధ్యానశ్లోకములకంటె ముందుగ ఇవి యేల చెప్పితిరని మా అమ్మ అడిగినప్పుడు, పిల్లకు ముందు ఆకలి వేయును, భక్తి తరువాత కలుగునని ఆయన నవ్విరి.

ఆ కథ మీకును తెలిసినదే. అయినను తినుబండారముల వైపునుండి మరియొకమారు చూతము. ఒకనాటి ఉదయమున కృష్ణునకు అడవిలో చల్దులు కుడువవలెనని బుద్ధి పుట్టినది. కొమ్ము పూరించి గోపబాలురను మేలుకొలిపినాడు. వారు చల్దుల చిక్కములు తగిలించుకొని దూడలను తోలుకొని బయలుదేరిరి. దారిలో ఒకని చల్దిని ఒకడు దాచుట, వాడు వెదకుచుండగా దానిని దూరముగ విసరుట, దూరమున ఉన్నవాడు ఇంకను దూరముగ విసరుట, చివరకు నవ్వుచు తెచ్చి యిచ్చుట. నేటి బడిపిల్లల బస్సులో జరుగుచున్నదియు ఇదియే కదా! నడుమ అఘాసురుడను కొండచిలువ నోటిలో అందరును ప్రవేశించుటయు, కృష్ణుడు వానిని చంపి బాలురను బ్రదికించుటయు జరిగినది. అంతటి గండము గడచిన తరువాత ఆ పిల్లవాని నోట వచ్చిన మొదటి ఆలోచన ఏమి? ప్రొద్దెక్కినది, ఆకలి యగుచున్నది, ఈ ఇసుకతిన్నె బాగున్నది, కూర్చుందము రండని. వ్రాసినవారు పిల్లలను ఎరిగినవారు.

కూర్చుండిన తీరు చూడుడు. తామరపువ్వు నడిమి దుద్దువలె కృష్ణుడు, రేకులవలె చుట్టును వరుసలుగా బాలురు. ఏ రేకునకైనను దుద్దు తనవైపే ఉన్నట్లుండును గదా. అట్లే ప్రతివాడును కృష్ణుడు తన మొగమే చూచుచున్నాడనుకొన్నాడు. కంచములు లేవు. ఆకులు, పూలరేకులు, చిగుళ్లు, చెట్టుపట్టలు, రాళ్లు, కడకు తెచ్చిన చిక్కములే వారికి కంచములు. ఇక వారి అల్లరి పోతన యొక్క పద్యములోనే చదువవలెను. ఒకడు ఊరగాయను మాటిమాటికి వ్రేలు మడిచి తినుచు తక్కినవారిని ఊరించును. ఒకడు ప్రక్కవాని ముద్దను గుటుక్కున మ్రింగి, ఏదీ లేదే యని నోరు తెరచి చూపును. ఒకడు పందెము వేసి అయిదారుగురి చల్దులను కుక్కుకొని తినును. మరియొకడు అదుగో కృష్ణుని చూడుమని ప్రక్కవాని కన్ను మరల్చి వాని ముందున్న మంచి భక్ష్యములను ఖాళీ చేయును. ఇంతటి సందడి నడుమ, యజ్ఞములలో హవిస్సులు భుజించు దేవుడు పిల్లలతో కలిసి చల్ది తినుచుండగా దేవతలు పైనుండి విస్తుపోయి చూచిరట.

ఆ దేవుని వేషమో! నడుమునకు చుట్టిన బట్టలో వేణువు, చంకలో కొమ్మును కఱ్ఱయును, ఎడమచేతిలో మీగడపెరుగుతో కలిపిన చల్దిముద్ద, వ్రేళ్ల సందులలో ఊరగాయ ముక్కలు. ఎడమచేయి ఏమని ముక్కున వ్రేలు వేసికొనకుడు. కంచము లేనివానికి ఎడమచేయి కంచము, తినునది కుడిచేతితోనే.

ఇక్కడ నాకెప్పుడును ఒక ఆనందము. సంస్కృత మూలమున వ్రేళ్లనడుమ ఉన్నవానికి ‘ఫలములు’ అను మాట మాత్రమే ఉన్నది. పోతన వానిని ఊరగాయలుగ చేసెను. తెలుగువాడు పెరుగన్నము ప్రక్కన మఱి దేనిని ఊహింపగలడు? చల్దికంటె ఊరగాయ ఘనమని సామెత కూడ మనదే. యమునాతీరపు పిల్లవాడు ఆ ఒక్క మాటతో మన పెరటిలోనికి వచ్చి కూర్చుండెను. అనువాదము చేయువారు మాటకు మాట చెప్పుట వేరు, ముద్దకు ముద్ద పెట్టుట వేరు.

మా ఇంటికి వచ్చు పెద్దలొకరు ఈ మాటలు విని ఆక్షేపించిరి. చల్ది యనగా చల్లారి రాత్రి గడచిన అన్నము; చలి, చల్లన, చల్ది ఒక్క కుదురున పుట్టిన మాటలే. దానినే సంస్కృతమున పర్యుషితమందురు. గీతలో పదునేడవ అధ్యాయమున భగవానుడే పర్యుషితమును, ఎంగిలిని తామసుల కిష్టమైన భోజనములలో చేర్చెను గదా, అట్టి దానిని పిల్లలకు విందని చెప్పవచ్చునా యని వారి ప్రశ్న. ప్రశ్న మంచిదే. నిజమునకు యమునాతీరమున ఆ దోషములు రెండును ఉన్నవి. అన్నము చల్ది, ఒకని ముద్ద మరియొకని నోట. నేను వారితో రెండు మాటలు మనవి చేసితిని. పులిసిన పదార్థములు తినరాదని నిషేధించు మనుస్మృతియే ఐదవ అధ్యాయమున పెరుగును, పెరుగునుండి పుట్టినవానిని తినవచ్చునని విడిచిపెట్టినది. ఇక రెండవది: గీత చెప్పినవాడును చల్ది తిన్నవాడును ఒక్కడే. యుద్ధభూమిలో నిలిచి పెద్దవానికి చెప్పిన మాట అది. దూడలు కాచునప్పుడు స్నేహితులతో చేసిన పని ఇది. వారు మఱి మాటలాడక కాఫీ త్రాగి వెడలిరి. ఒప్పుకొనిరో లేదో తెలియదు.

మన తాతలనాటి ఇండ్లలో సైతము పెద్దలు చల్ది ముట్టువారు కారు. స్నానమును జపమును ముగిసినగాని వారికి భోజనము లేదు, అదియు వేడిగ వండినదే. చల్ది పిల్లలది, ప్రొద్దుననే పొలమునకు పోవు పాలేళ్లది. కనుకనే ఆ విందులో పెద్దల పెత్తనము లేకుండెను.

నా చిన్ననాడు వేసవి సెలవులలో మా అమ్మమ్మగారింట పదునొకండ్రుము పిల్లలము చేరెడివారము. తెల్లవారగనే వసారాలో గుండ్రముగ కూర్చుండవలెను. నడుమ అమ్మమ్మ పెద్ద కంచుగిన్నెతో కూర్చుండి, రాత్రి అన్నమున గడ్డపెరుగు వేసి వెన్నవలె మెదిపి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముద్ద పెట్టెడిది. బొటనవ్రేలితో ముద్ద నడుమ చిన్న గుంట చేసి అందులో ఆవకాయ ఊట పోసెడిది. ఆ ఊట గట్టు తెగి మోచేతివరకు జారకముందే తినివేయుట మా నేర్పు. వరుస తిరిగి తనవద్దకు వచ్చువరకు ప్రతివాని కన్నును ఆ గిన్నెమీదనే. మూడు వరుసలు తిరిగిన తరువాత గిన్నె అంచులు గీచి చివరి ముద్ద చేసి, అందరిలోను చిన్నవానికి పెట్టెడిది.

అమ్మమ్మ ఆ అన్నమును ఎన్నడును రుచి చూడలేదు. ఆమె ఇరువదియారవ యేటనే భర్తను పోగొట్టుకొన్నది. అప్పటినుండి పగటిపూట ఒక్క భోజనమే. చల్ది ఎట్లును కూడదు. ఉప్పు సరిపోయినదో లేదో మమ్మే అడుగుచుండెడిది. మాలో ఒకడు ఒకనాడు తన ముద్దను ఆమె నోటికి అందింపబోయెను. ఆమె మొగము ప్రక్కకు త్రిప్పుకొని, వాని చేయి పట్టుకొని, ఆ ముద్దను వాని నోటనే పెట్టినది. వాడు పెంకితనముతో రెండవమారును చేయి చాచెను. ఆమె లేచి లోనికి పోయినది. ఆనాడు మాకేమియు అర్థము కాలేదు. ఇప్పుడు నేను అన్నము కలుపునప్పుడు ఉప్పు నేనే చూచుకొందును. ఆ చిన్న స్వాతంత్ర్యము ఎంత పెద్దదో అమ్మమ్మ చేతిని తలచుకొనినప్పుడు తెలియును. శాస్త్రమున పెరుగునకు మినహాయింపు వెదకిన పెద్దలకు, నలువది యేండ్లు ఆ పెరుగన్నము కలిపిన చేతికి మినహాయింపు వెదకవలెనని తోచకపోవుట నాకు ఇప్పటికిని బాధయే.

దశమస్కంధమునందే అన్నమును గూర్చిన మరియొక కథ కలదు. దానిని స్త్రీలము మనము మరువరాదు. ఆకలిగొన్న గోపబాలురు యజ్ఞము చేయుచున్న బ్రాహ్మణులయొద్దకు పోయి అన్నము యాచించిరి. వారు ఔననలేదు, కాదనలేదు; విననట్లే ఉండిరి. ఆకలిగొన్నవారికి కాదను మాటకంటె ఆ మౌనము కఠినము. అప్పుడు బాలురు ఇంటిలోని భార్యలకు చెప్పుకొనిరి. ఆ తల్లులు నాలుగు విధములైన అన్నమును పాత్రలకెత్తుకొని, భర్తలును అన్నదమ్ములును వారించుచున్నను వినక అడవికి నడచిరి. భర్తలు తరువాత పశ్చాత్తాపపడిరని గ్రంథము చెప్పుచున్నది. పిల్లలకు ఆకలియైనదను వార్త మొదట ఏ గుమ్మమునకు చేరవలెనో వ్యాసునికి తెలియును.

ఇది నాకు ఊరక గుర్తు రాలేదు. మా వారు పల్లెటూరి ప్రభుత్వపాఠశాలలో ఉపాధ్యాయులు. ఉదయపు ప్రార్థనలో నిలుచుండి కన్నులు తిరిగి కూలబడు పిల్లలను గూర్చి వారు ఇంటికి వచ్చి చెప్పుదురు. కేంద్రప్రభుత్వపు మధ్యాహ్నభోజన పథకము 1995 ఆగస్టు 15న ఆరంభమైనది. వండిన అన్నమే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. దానివలన జరిగిన మేలు చెప్పనలవి కాదు. అయితే మధ్యాహ్నము మధ్యాహ్నమే. తల్లిదండ్రులు చీకటితోనే కూలికి పోవు ఇండ్లలో ఉదయమునకు మునుపు చల్దికుండ ఉండెడిది. ఇప్పుడు చాలచోట్ల ఐదు రూపాయల బిస్కట్ల పొట్లమును కొంచెము తేనీరును దాని స్థానమున వచ్చినవి. ఉదయమేమి తిన్నారని ఒకనాడు మా వారు తరగతిలో వరుసగ అడిగిరట. ఇడ్డెనలని ఒకడు, పూరీలని ఒకడు. ఒక పిల్లవాడు తానును ఇడ్డెనలే తిన్నానని చెప్పెను. వాని గడ్డమునకు పెరుగుమెతుకు అంటియున్నది. మా వారు చూడనట్లు ముందునకు సాగిరి. ఆ పిల్లవానిని, డబ్బా మూత తీయని మా అమ్మాయిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో నాకు ఒక్క వ్యాధియే కనబడుచున్నది. కలిమి లేములు వేరు, సిగ్గు మాత్రము ఒక్కటే.

కనుక వేసవి సెలవులలో రాత్రిపూట మేడమీద ప్రక్కలు వేసికొని నేను మా అమ్మాయికి ఆ ఘట్టము ఏడు దినములు చెప్పితిని. హితబోధ చేయలేదు, డబ్బా ఊసెత్తలేదు. నోరు తెరచి చూపినవాని కథవద్ద అది పకపక నవ్వినది. అసలు కథ అటుపిమ్మటనే కలదు. తినుచుండగా దూడలు మేతకై దూరము పోయినవి. మిత్రులు భయపడుచుండగా, మీరు తినుచుండుడు, నేను పోయి తెచ్చెదనని కృష్ణుడు చేతిలోని ముద్దతోనే లేచి వెడలెను. బ్రహ్మదేవుడు అతని మహిమ చూడగోరి ముందు దూడలను, తరువాత బాలురను దాచివేసెను. కృష్ణుడు తానే అన్ని దూడలును అందరు బాలురును ఐ, వారి వారి ఇండ్లకు పోయి ఒక యేడాది గడపెను. తల్లులెవ్వరికిని తేడా తెలియలేదు. మునుపటికంటె బిడ్డలమీద ప్రేమ ఎక్కువైనదని మాత్రము తెలిసినది. కడకు బ్రహ్మ సిగ్గుపడి మ్రొక్కి, దాచినవారిని విడిచెను. కృష్ణుడు ఇసుకతిన్నెకు తిరిగివచ్చెను. బాలురకు గడచిన యేడాది అరక్షణముగ తోచినది. త్వరగా వచ్చితివే, నీవు లేక మేము ఒక్క ముద్దయైన తినలేదు, రమ్ము, కూర్చుండుమని వారు పిలిచిరి.

ఇక్కడికి వచ్చునప్పటికి మా అమ్మాయి నవ్వుట మానినది. చాలసేపు చుక్కలవైపు చూచి, “ఒక్క ముద్ద కూడా తినలేదా? తినుచుండమన్నాడు కదా!” అని అడిగినది. తినలేదని చెప్పితిని. “ఆవకాయ పెట్టుకొని చేతిలో పట్టుకొని అలాగే కూర్చున్నారా?” అనినది. ఔనంటిని. ఇంక ఏమియు అనలేదు. నేనును ఊరకుంటిని.

జ్యేష్ఠమాసములో దాని పుట్టినదినము వచ్చినది. కేకు కావలెననినది, మా వారు పట్టణమునుండి తెచ్చిరి. నాకు కేకుమీద పగ లేదు. మైదా, పంచదార, వెన్న, క్రొవ్వొత్తి, వీనిలో చెడ్డదేది? ఒక్క ముద్దను పదిమందికి కోసి పంచుట కూడ మంచి ఆచారమే. అయితే దానితోపాటు చల్దిముద్దలును కావలెనని, కంచములు ఉండరాదని ఆ పిల్లయే నిబంధన చేసినది. పెరటి మామిడిచెట్టు క్రింద చాప పరచితిమి. వచ్చిన పిల్లలు తొమ్మండుగురు. బాదమాకు తెచ్చినవారు కొందరు, పలకబిళ్ల తెచ్చినవాడొకడు. నడుమ ఎవరు కూర్చుండవలెనను విషయమున పెద్ద తగవు నడచి, తుదకు ముద్ద ముద్దకును స్థానము మారవలెనని ఒడంబడిక జరిగినది. ఇద్దరు పిల్లలు ఊరగాయ ముట్టలేదు. ఒక బాలుడు టమాటా సాసు అడిగెను; ఇచ్చితిమి. దానిని కూడ వాడు వ్రేళ్ల సందులలో పెట్టుకొనుటకు చూచెను.

బడి తెరచిన తరువాత మా అమ్మాయి డబ్బాలో పులిహోర, చపాతీలు, వారమునకొకమారు పెరుగన్నము పోవుచున్నవి. పెరుగన్నము పోయిన దినమున డబ్బా కొన్నిమార్లు ఖాళీగ వచ్చును, కొన్నిమార్లు సగము మిగిలియుండును. నేను అడుగను.

ఇట్టి విందు చేయదలచు సోదరీమణులకు నా అనుభవములో తెలిసినది చెప్పెదను. క్రొత్త బియ్యముకంటె పాతబియ్యము మేలు. అన్నము నాలుగింతల నీటితో మెత్తగ వండవలెను. గోరువెచ్చగ చల్లారిన తరువాత కాచి చల్లార్చిన పాలు అన్నము మునుగునట్లు పోసి, చెంచాడు మంచి పెరుగు కలిపి, మూతపెట్టి రాత్రియంతయు కదల్పక ఉంచవలెను. దీనినే తోడన్నమందురు. రాత్రి పాలలో చేమిరిపెట్టిన పెరుగులోని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించును. అదియే అన్నమును కాపాడును. నీరుగాని పెరుగుగాని చేర్చక వేసవిరాత్రి ఊరక విడిచిన అన్నమున విషక్రిములు పెరుగవచ్చును. మరల కాచినను ఆ విషము పోదు. కనుక అట్టి అన్నమును పిల్లలకు పెట్టరాదు. తోడన్నమును సైతము మరునాటి ఉదయమే తినిపింపవలెను. మధ్యాహ్నమునకు మిక్కిలి పులియును.

తెల్లవారి తొడిమ తీసిన పచ్చిమిరప, దంచిన అల్లము, ఉప్పు వేసి చేతితోనే మెదుపవలెను. గరిటెతో మెదిపినచో ముద్ద కట్టదు. పైన కొంచెము మీగడ ఉండవలెను, అది లేనిచో పోతనకు కోపము వచ్చును. ఊరగాయల విషయమున ఊట ఎక్కువగల ఆవకాయ ఈ విందునకు తగదు, చొక్కాలు పాడగును. ఎండిన మాగాయ ముక్క చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ చక్కగ నిలుచును. తరువాతి సందున నిమ్మకాయ బద్ద. దాని తరువాత గోంగూర పెట్టజూచిరి కాని అది నిలువదు, ముద్దమీదనే అద్దవలెను. ఊరిన ఉసిరికాయ గుండ్రము కావున చిటికెన వ్రేలియొద్ద ఉంచినచో జారి పడును. మా పెరటిలో అట్లు పడిన మూడు కాయలను ప్రక్కవారే ఎత్తుకొని పోయిరి.